పేరు కోసం పూసిన కొమ్మ

మా తెల్లాపూర్ కాలనీలో గోడ పక్కనున్న అడవిచెట్టును పార్కింగ్ కోసం సోమవారం కొట్టేస్తామన్నారు కాలనీ సంఘం వాళ్లు. అరుదైన జాతి అని తేలితే ఆపుతారట. నిన్న వృక్షశాస్త్రం లెక్చరర్‌ను పిలిపించాను. ఆవిడ చెట్టు కింద నిలబడి, "పూలున్న కొమ్మను ఎండబెట్టి పాత నమూనాతో పోల్చాలండి. పూలు లేనిదే శాస్త్రీయ నామం చెప్పలేను," అంది. తొమ్మిదేళ్లుగా ఇక్కడి చెట్ల పూత తేదీలు రాస్తున్నాను. ఇది ఒక్కసారీ పూయలేదు.

ఈ ఉదయం చూస్తే, ఆవిడ నిలబడిన వైపు ఒక్క కొమ్మకే తెల్లటి పూలు.

"నిన్న మీరు మాట్లాడింది ఇన్నదమ్మా ఇది. జర దూరముండుర్రి," అన్నాడు తోటమాలి రాజయ్య.

"చెట్లు వింటాయా? కత్తెర ఇటివ్వు," అని కసిరాను.

కొమ్మ కత్తిరించగానే చెట్టంతా కదిలింది. గాలేమోనని పక్క చెట్లను చూశాను. ఒక్క ఆకూ కదలడం లేదు.

కారణం తెలిసినవాళ్లు రాయండి. నాకు మాత్రం రాజయ్య చెప్పింది తప్ప మరొకటి తోచడం లేదు.