ఇంజను ఆపని అన్న

ఆళ్లగడ్డ బస్టాండు పక్కన బ్యాటరీ షాపు నడిపిన, మేము అన్న అని పిలిచే సాయిబు మొన్న శుక్రవారం వేకువన పోయాడు. మా తమ్ముడు వచ్చి చెప్పాడు. చెప్పి, చెప్పులు విప్పకుండానే గడపలో కూలబడ్డాడు. నేను మోకరించి ప్రార్థన చేసుకున్నాను. తమ్ముడు ఇవాళ ప్రాణాలతో ఉండడానికి దేవుని తర్వాత ఆ అన్నే కారణం.

నాకంటే మూడేళ్లు పెద్దయినా, వీధంతా పిలిచినట్టే నన్ను పెద్దక్కా అనేవాడు. పనిలో ఉంటే ఎవరినీ మాట్లాడనిచ్చేవాడు కాదు. "రవంత ఉండు పెద్దక్కా, ఇంజను ఏందో చెప్తాంది" అనేవాడు.

పదేళ్ల కిందటి మాట. స్వదేశం వెళ్లిపోతూ ఒక దొరసాని మా చర్చి సంఘానికి వదిలిన పెద్ద విదేశీ బండి ఉండేది. మెత్తని సీట్లు, లోపల చల్లగాలి. దాని బ్యాటరీకి కరెంటు ఎక్కించే ఆల్టర్నేటరు చెడింది. అన్నకు పాత బండ్లలో ఆ పని చేసే డైనమోలే తెలుసు. అయినా విప్పి, కార్బన్లు మార్చి బిగించాడు. డైనమో బిగించాక బ్యాటరీ నుంచి తీగ తెచ్చి ఒక్క క్షణం తాకించడం ఆయన అలవాటు. ఆల్టర్నేటరుకు అది కూడదని తెలియక దీనికీ తాకించాడు. లోపలి నుంచి పొగ వచ్చింది. ఇక కొత్తది మద్రాసు నుంచి రావాలి.

మరునాడు పొద్దున్నే తమ్ముడు కడుపునొప్పితో మెలికలు తిరిగాడు. వెంటనే నంద్యాలలో ఆపరేషన్ చేయించాలన్నాడు డాక్టరు. బస్సులో కూర్చోలేడు. పడుకోబెట్టే చోటున్నది ఆ బండిలోనే.

షాపుకు పరుగెత్తాను. అన్న తల వంచుకున్నాడు.

"నేనే కాల్చినా పెద్దక్కా. తెలీదని ఒక మాట అనింటే పోయేది."

"అది మళ్లీ మాట్లాడదాం. ఇప్పుడేం జేస్తావో చెప్పప్పా."

"బ్యాటరీ దిగిపోయింది, దీనికి సరిపోయేది నా కాడ లేదు. అయినా డీజిలు బండి. ఒకసారి లేస్తే కరెంటు అక్కర్లేదు. తోసి లేపుదాం. నందాల దాకా యాడా ఆపగూడదు."

"హారనో?" అన్నాడు ఆ బండి డ్రైవరు.

"నేనుండా గదా."

వీధివాళ్లంతా తోశారు. అన్న కిటికీలోంచి సగం బయటికి వంగి, దారి పొడుగునా అరుస్తూనే ఉన్నాడు. "ఓ మామా, ఎద్దుల్ని పక్కకు తియ్యి. నిద్ర ఇంటికాడ పోదువు." నా ఒడిలో తలపెట్టిన తమ్ముడు ఆ నొప్పిలోనూ ఒకసారి నవ్వాడు.

మూడు వారాలకు కొత్త ఆల్టర్నేటరు వచ్చింది. అన్నే బిగించాడు, ఈసారి తీగ తాకించలేదు. అప్పటి నుంచి తెలియని పని ఏది వచ్చినా "నాకు తెలీదు, చూస్తా" అనే మొదలుపెట్టేవాడు. "తెలీనోనికి షాపెందుకు భాయ్?" అని గేలి చేసేవాళ్లు. "తెలిసినట్టు ఒకసారి చేసినాలే, చాలు" అనేవాడు.

ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఆ మధ్యాహ్నమే కనిపిస్తుంది. కర్నూలుకు తీసుకుపొమ్మంటారేమోనని అన్న ఆసుపత్రి వాకిట్లో ఇంజను ఆపనివ్వలేదు. గండం గడిచిందని డాక్టరు చెప్పగానే నేను బయటికి వచ్చాను.

"ఇంక ఆపన్నా. పిల్లోడు బతికినాడు."

ఇంజను ఆగింది. అన్న ఏదో అనబోయాడు. గొంతు రాలేదు, అరుపులన్నీ దారిలోనే అయిపోయాయి. రెండు అరచేతులూ పైకి తెరిచి, పెదవులు మాత్రం కదుపుతూ, వేడి తగ్గని ఆ బండి పక్కనే ఎండలో నిలబడ్డాడు.