మాస్టారి ప్రొపెల్లర్‌కి మేం చేసిన మేలు

అది 2001. గాజువాక ఆటోనగర్‌లో నేను ఫ్యాబ్రికేషన్ షెడ్ పెట్టి అప్పటికి ఎనిమిదేళ్లు. ఫ్యాబ్రికేషన్ అంటే ఇనుమును కోయడం, వంచడం, అతకడం. గేట్లు, గ్రిల్స్, స్టీల్ ప్లాంట్ కాంట్రాక్టర్లు అడిగే స్టాండ్లు, ఫిషింగ్ హార్బర్ నుంచి వచ్చే విరిగిన బోటు సామాన్లు, ఇవే మా పనులు. పోర్టువాళ్లు వద్దనుకున్న పాత కంటైనర్‌కి కిటికీ కోయించి ఆఫీసు గది చేసుకున్నాను. ఎండాకాలం అందులో కూర్చుంటే ఇడ్లీపాత్రలో కూర్చున్నట్టే ఉండేది.

ఒక గురువారం పొద్దున్న డ్రాయింగ్ మాస్టారు ఆటోలో ఒక ప్రొపెల్లర్ దింపించారు. బోటుని నీళ్లలో ముందుకు తోసే రెక్కల చక్రం అది. మూడు రెక్కల్లో ఒకటి ఒంగిపోయింది. ఒళ్లంతా గుల్లలు, పచ్చటి చిలుము. నడుమ ఇరుసు చుట్టూ నైలాన్ వలతాడు బిగుసుకుని, రాపిడికి కరిగి, రాయిలా గట్టిపడిపోయింది. మాస్టారు దగ్గర్లోని హైస్కూల్లో పనిచేసేవారు, ఆ ఏడాదే రిటైర్మెంట్. మా మేస్త్రీ అప్పలరాజు కూతురికి బొమ్మలు వేయడం నేర్పింది ఆయనే.

"దీనికో స్టాండ్ కావాలి. సోమవారం ఆర్ట్ ఎగ్జిబిషన్" అన్నారు.

"శుభ్రం చేసి ఇస్తాం మాస్టారూ."

"వద్దండీ. దొరికింది దొరికినట్టే పెడతాను."

"మరి ఇందులో మీరు చేసిందేమిటి?"

"ఎంచుకున్నాను కదా. మీరు మాత్రం చేసిందేమిటి? ఓడమీద పెట్టెని చూపించి ఇది గది అన్నారు, గదైపోయింది."

"చవగ్గా వస్తుందని అన్నాను సార్."

ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎండలో నిలబడి ఇలాంటి మాటలు వినే ఓపిక నాకు లేదు. తర్వాత ఆ ప్రొపెల్లర్ కథ చెప్పారు. అది పెంటయ్య అనే మత్స్యకారుడి బోటుది. గాలివానలో సొంత వలతాడే ప్రొపెల్లర్‌కి చుట్టుకుని బోటు ఆగిపోతే, పెంటయ్య నడుముకి తాడు కట్టుకుని నీళ్లలో వేలాడుతూ వంటకత్తితో కోశాడట. ఎంత కోసినా అది రాలేదు. తెల్లారాక ఇంకో బోటు లాక్కొచ్చింది.

"ముప్పై ఏళ్లు పిల్లలచేత కుండలూ మామిడికాయలూ గీయించాను. ఇది నాది అని నలుగురి ముందూ పెడుతున్నది ఇదొక్కటే. ఇంకోటి దొరకదు నాకు" అన్నారు మాస్టారు.

మా షెడ్‌లో ప్రతి పనికీ ఒక జాబ్ కార్డ్ ఉంటుంది. ఏం చెయ్యాలో అందులో రాస్తాం. 'స్టాండ్ ఒకటి' అని రాసి, "ప్రొపెల్లర్ జోలికి వెళ్లకు" అని అప్పలరాజుకి నోటితో చెప్పి, రెండు రోజుల పనిమీద స్టీల్ ప్లాంట్‌కి వెళ్లిపోయాను.

శనివారం మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి షెడ్ గుమ్మంలో ఏదో ధగధగలాడుతోంది. గుల్లలు లేవు, చిలుము లేదు, తాడు లేదు. ఒంగిన రెక్కని మావాళ్లు వేడిచేసి సుత్తితో సాపు చేశారు. ఆపైన బఫింగ్, అంటే గుడ్డచక్రం పెట్టి మెరుగు తేవడం, మూడుసార్లు చేశారట.

"సూడండి సార్, మొకం కనపడతాది" అన్నాడు అప్పలరాజు.

"ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"సెప్పారు. మాస్టారు మొగమాటానికి వద్దన్నారనుకున్నాను. మా పిల్లకి సదువు సెప్పిన మడిసి, పదిమందిలో ఆ మురికి ఎట్టుకుంటే మనకి సిగ్గు కాదేటి? రెండు పూటలు సరిగ్గా తిండి కూడా తినకుండా సేసినాం."

ఎవర్ని తిట్టను? తుప్పుతో వచ్చిన సరుకు తుప్పుతో బయటికి వెళితే షెడ్ పరువు పోతుందని వీళ్లకి నూరిపోసింది నేనే. ఏ పని చెప్పినా సగం చేసే మనుషులు, చెయ్యొద్దన్న పని మాత్రం ప్రాణం పెట్టి చేశారు! నాకు తల బాదుకోవాలనిపించింది. చివరికి నేనే సుత్తి అందుకుని రెక్కని మళ్లీ ఒంచబోయాను. సరిగ్గా అప్పుడే మాస్టారు దిగారు. సాయం పట్టడానికి పెంటయ్యని కూడా తీసుకొచ్చారు.

మాస్టారు దాన్ని చూసి స్టూలు మీద కూర్చుండిపోయారు. ఆ మనిషి మొహం చూడలేక నేనే గబగబా మాట్లాడేశాను.

"సాయంత్రానికల్లా ఒంచేస్తాం మాస్టారూ. ఉప్పునీళ్లు పోసి ఎండబెడితే..."

"సముద్రం ఒంచిన రెక్కని మీరు ఒంచుతారా? నాటకంలో పెట్టుడు గడ్డంలా ఉంటుంది!" అని అరిచారు. ఆయన అరవడం అదే మొదటిసారి చూశాను. అప్పలరాజు తలొంచుకున్నాడు. పాపం, వాడికి అప్పటికీ తప్పేమిటో తెలియలేదు.

పెంటయ్య ప్రొపెల్లర్ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"బాగానే ఉంది. కొత్తది కొన్నట్టుంది" అన్నాడు. తర్వాత, "మరి నా తాడేదీ?" అని అడిగాడు.

"ఆ సెత్త నీకెందుకు బావా? తుక్కు డ్రమ్ములో పడేసినాం" అన్నాడు అప్పలరాజు.

వెనక్కి వెళ్లి చూస్తే డ్రమ్ము ఖాళీ. పాతసామాన్లవాడు పొద్దున్నే బండికెత్తుకుపోయాడు. నేనూ అప్పలరాజూ రెండు వీధుల అవతల ఉన్న వాడి దొడ్డికి పరిగెత్తాం. నట్లూ బోల్టులూ తుక్కురేకులూ చేతులతో తోడాం. ఆ కాసేపట్లో నేను అప్పలరాజుని, మాస్టారిని, ఈ దొరికిన వస్తువుల కళని కనిపెట్టిన మహానుభావుణ్ణి, అందర్నీ తిట్టాను. మొత్తానికి అడుగున దొరికింది. మంట పెడితే తాడు మళ్లీ కరిగి ఇరుసుకి అంటుకుపోతుందని అప్పలరాజు దాన్ని రంపంతో కోశాడు. అందుకే కొబ్బరిచిప్పల్లా రెండు ముక్కలుగా ఊడివచ్చింది.

బల్లమీద పెట్టాం. లోపలివైపు ఇరుసు ఆకారం నున్నగా అచ్చుపడి ఉంది. బయటంతా కత్తిగాట్లు. పెంటయ్య ఒక గాటులో బొటనవేలు పెట్టాడు.

"ఇదిగో, ఇక్కడే కత్తి జారింది" అన్నాడు. వేలిమీద పాత మచ్చ సరిగ్గా ఆ గాటు గీతలో కలిసింది. "ఈ కోతలన్నీ నాయే. సచ్చిపోతాననే కోసినాను."

మాస్టారు లేచి వచ్చి రెండు ముక్కల్నీ చేతిలోకి తీసుకుని చూశారు.

"స్టాండ్ మీద ఇది పెట్టండి" అన్నారు. వెంటనే నావైపు తిరిగి, "ఇంకేమీ చెయ్యకండి" అన్నారు.

"దుమ్మైనా దులపమంటారేటి?" అని గొణిగాడు అప్పలరాజు.

"వద్దు!" అన్నాం ముగ్గురం ఒకేసారి.

సోమవారం నేనూ ఎగ్జిబిషన్‌కి వెళ్లాను. పెంటయ్య చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చి, స్టాండ్ పక్కనే నిలబడి, వచ్చినవాళ్లందరికీ గాటునీ వేలినీ చూపిస్తున్నాడు. జనం అక్కడ బాగానే ఆగారు. ఇక గండం గడిచినట్టే అనుకుని మాస్టారి దగ్గరికి వెళ్లాను.

"రెక్కలు కూడా ఉంటే నేననుకున్నది అయ్యేది. ఇది సగమే. ఆ మాట మీరు మర్చిపోవద్దు" అన్నారు.

మర్చిపోలేదు. ఆ వారమే జాబ్ కార్డులో కొత్త గడి పెట్టించాను: 'చెయ్యకూడని పని'. అది నింపందే ఏ వస్తువునీ లోపలికి తీసుకోం. పాత మంచం మరమ్మతుకో, తాతలనాటి ఇనప్పెట్టె మరమ్మతుకో వచ్చినవాళ్లు ఈ గడి చూసి మొదట నవ్వుతారు, తర్వాత ఆలోచించి ఏదో ఒకటి చెబుతారు. పనివాడికి పని నేర్పడం కంటే ఎక్కడ ఆగాలో నేర్పడం కష్టమని, అది ముందు యజమాని నేర్చుకోవాలని, నాకు ఆ ప్రొపెల్లర్ వల్లే తెలిసింది.

మెరుగుపెట్టిన ఆ ప్రొపెల్లర్‌ని మాస్టారు తీసుకెళ్లలేదు. "అది మీరు చేసిన వస్తువు, మీ దగ్గరే ఉండనివ్వండి" అన్నారు. షెడ్ గుమ్మంలో వేలాడదీశాం. టీ వేళకి స్పానర్‌తో కొడితే ఖంగున మోగుతుంది, పక్క షెడ్లవాళ్లు కూడా దానికే పని ఆపుతారు. ఎంత మొత్తుకున్నా వినకుండా ప్రతి దసరాకీ అప్పలరాజు దానికి బఫింగ్ చేసి బొట్టు పెడతాడు. తిడదామని దాని ముందుకి వెళ్తాను. అందులో నా మొహమే కనిపిస్తుంది, తిట్టడానికి ఇంకెవరూ కనపడరు.