మల్లన్నను చంపొద్దు బావా

పక్కన కూర్చుని బజ్జీలు తిన్నానా నేను? అంతేనా బావా?

నిన్న తుర్కయాంజాల్ ఫంక్షన్ హాల్లో, చుట్టాలందరి ముందూ మా శ్రీను బావ అన్న మాట ఇది. "మల్లన్న నాది రా. బొమ్మ నేను గీసిన. నువ్వేం జేసినవ్? పక్కన కూసొని బజ్జీలు తిన్నవ్." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

శ్రీను మా మేనమామ కొడుకు. బొమ్మల కథలు గీసి ఫోన్లో పెడతాడు, చాలా మంది చూస్తారు. అందులో ఎగిరే హీరో ఒకడు, వాడి కారు నడిపే మల్లన్న ఒకడు. వచ్చే ఆదివారం భాగంలో మల్లన్నను చంపేస్తాడట. "పక్కోడు సస్తేనే హీరోకు కోపమొస్తది" అట.

ఆ మల్లన్న ఎక్కడ పుట్టాడో మీకు చెప్పాలి.

మా చిన్నప్పుడు... ఇబ్రహీంపట్నం బస్టాండు బయట అత్తకు మిర్చి బజ్జీల బండి ఉండేది. అత్త అంటే శ్రీను వాళ్ళమ్మ. పొట్లాలు కట్టడానికి పాత కాగితాలు కిలోల లెక్కన తెచ్చేది. ఒకసారి ఆ కట్టలో హిందీ బొమ్మల పుస్తకం వచ్చింది. అట్ట లేదు, మొదలు లేదు, చివర లేదు. మాకు హిందీ చదవడం రాదు. మేం ఒకవైపు నుంచి బొమ్మలు చూసుకుంటూ వస్తుంటే, అత్త ఇంకోవైపు నుంచి చింపుకుంటూ వచ్చేది...

మంచాల ఊరి బస్సు ఆగిందంటే మాకు గుండె దడ. దిగినవాళ్ళంతా బజ్జీలకొస్తారు. హీరో నూనె తాగి ఎవరింటికో వెళ్ళిపోతాడు.

"అత్తా, గా పేజీ చింపకే! ఇంక సూడలే!"

"ఏం గాదు లే. గాలిల తిరిగెటోడు జర నా బజ్జీలు మోస్తే అరిగిపోతడా?"

అలా మిగిలిన ఒక పేజీలో ఉన్నాడు మల్లన్న. గుబురు మీసాలు, టోపీ, వెనక పొడుగు కారు. పేరు మేం పెట్టిందే. ఆ బొమ్మలో వాడు చెయ్యి లేపి ఎగిరేటోడి నెత్తిమీద ఒక్కటి ఇస్తున్నాడు. ఎగిరేటోడు నవ్వుతున్నాడు.

"డ్రైవర్ రా" అన్నాడు శ్రీను.

అత్త మూకుడులోంచి బజ్జీలు తీస్తూ ఒకసారి తొంగి చూసింది. "డ్రైవరైతే సేటు నెత్తి మీద గట్ల కొడ్తడా? బావ గావచ్చు. అక్క మొగడు."

అయిపోయింది. మాకు అంతకంటే రుజువు అక్కర్లేదు. బామ్మర్దిని అలా కొట్టి, వాడు నవ్వుతుంటే చూసే హక్కు బావకు తప్ప ఎవరికుంటుంది? శ్రీను నన్ను రోజూ కొట్టేవాడు.

మరి అక్క ఏది? ఉన్న పేజీల్లో ఎక్కడా లేదు. శ్రీనుకు ఆ ఫికర్ లేదు. పాత క్యాలెండర్ల వెనక హీరోను గీస్తూ కూర్చునేవాడు. కండలు, మబ్బులు... ఏం గీసేవాడో! బజ్జీలకొచ్చిన ప్రతివాడూ ఎవరు గీశారని అడిగేవాడు. "మా శ్రీనుగాడే" అని అత్త మురిసిపోయేది. నేనేం చూపించను? నోట్లో ఉన్న కథను ఎవరికి చూపిస్తాం? కడుపు మండేది. ఇప్పటికీ మండుతుంది, దాచుకోను.

అక్క సంగతి నేను చెప్పాను. వానకు పొంగిన వాగు దాటుతూ కొట్టుకుపోయింది. తమ్ముడికి ఎగరడం వచ్చింది ఆ రోజే... కొత్త కదా, తిన్నగా పోలేక ఆలస్యంగా చేరాడు. ఆ ఆలస్యం గురించి మల్లన్న వాడిని ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత నుంచి వాడికి కారు నడపడం మొదలుపెట్టాడు.

"ఎగిరెటోనికి కారెందుకు రా?"

"మీదికెళ్లి సూస్తె ఇంటి కప్పులే కనవడ్తయి బావా. గల్లీలెట్ల తెలుస్తయి?"

శ్రీను పెన్సిల్ ఆపి నా వైపు చూశాడు. ఆ చూపు కోసమే తర్వాత ఎన్ని కథలు చెప్పానో...

కొన్నాళ్ళకు శ్రీను హిందీ కూడబలుక్కుని ఆ పేజీ చదివాడు. మల్లన్న నిజంగా డ్రైవరే! కొట్టడం లేదు, తన సేటు నెత్తిమీద వాలిన ఈగను తోలుతున్నాడు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. అయినా వాడిని బావగానే ఉంచుకున్నాం.

శ్రీను పట్నం పోయి బొమ్మలు గీయడం చదువుకున్నాడు. నేను తొమ్మిదిలోనే బడి మానేశాను. ఏ పనిలోనూ కుదురుగా నిలవను... ఇప్పుడు వాటర్ క్యాన్ల ట్రాలీ నడుపుతున్నాను, ఇదెన్నాళ్ళో. వాడి ఫోన్ కథలో అక్క ఉంది, వాగు ఉంది, గల్లీల మాట ఉన్నదున్నట్టు ఉంది. దాని కింద జనం "ఏం రాసినవ్ అన్నా!" అని పెడతారు. వాడు దండం బొమ్మ పెడతాడు. ఆ దండం చూస్తే నాకు ఒళ్ళంతా కారం రాసినట్టుంటుంది.

నా పేరు వేయకపోయినా పర్వాలేదని అనను. వేస్తే బాగుండేది. కానీ నిన్న నేనడిగింది అది కాదు. చంపకు అన్నాను, అంతే.

ఇప్పుడు పిల్లలకు మొదలూ చివరా ఉన్న కథలే దొరుకుతున్నాయి. చిరిగిన చోట కూర్చుని అల్లుకోవడానికి జాగా ఏదీ? మీరూ చిన్నప్పుడు ఎవరికైనా ఇలా గతం కల్పించే ఉంటారు... కింద రాయండి, ఎవరో ఒకరు చదువుతారు.

బావా, నువ్వూ చదువు. నీకు చెప్పని ముక్క ఒకటి ఉంది. నువ్వు పట్నం హాస్టల్‌కు పోయాక అల్లాను, చెబుదామంటే నువ్వు లేవు. అక్క పోయినప్పటి నుంచి పొద్దుగూకే వేళకు మల్లన్న రెండు కంచాలు పెడతాడు. ఎగిరేటోడు ఎక్కడున్నా వచ్చి తింటాడు. వాడు నేల మీద కాలు పెట్టేది అందుకొక్కదానికే.

మల్లన్నను చంపితే వాడికి కోపం రాదు బావా. కిందికి దిగడం మానేస్తాడు...

క్యాన్లు ఎక్కించేశారు, ఓనర్ అరుస్తున్నాడు. పోవాలి.