మా షెడ్డులో వాసన చూసే పని

మా రిపేరు షెడ్డుకు ఎక్కడైనా కారుతున్న ట్రాక్టరు ఏదొచ్చినా ముందు నేను టీ తీసుకెళ్లాలి. రైతులు దాన్ని మర్యాద అనుకునేవాళ్లు. మా ఆయన చేతికి గ్లాసు అందిస్తూ, ఇంజన్ మీదికి కాస్త వంగి గట్టిగా ఊపిరి పీల్చేదాన్ని. కారేది డీజిలైతే "పంచదార సరిపోయిందా?" అని ఆయన్ని అడగాలి. ఇంజన్ ఆయిలైతే నోరు మూసుకుని వెనక్కి రావాలి. మూడేళ్లు మా కాపురం ఇలాగే నడిచింది.

సత్తెనపల్లి చుట్టుపక్కల పాత ట్రాక్టర్లంటే మా ఆయన ముక్కుకే పేరు. ముప్పై నలభై ఏళ్ల బళ్లకు ఒళ్లంతా మసీ జిడ్డే. కారే చోటు పట్టుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. ఇంజన్ కడిగి ఆరబెట్టి, ముగ్గుపిండి చల్లి స్టార్ట్ చేస్తే చాలు, మొదట ఎక్కడ తడిస్తే అక్కడే. కారేదేమిటో మాత్రం ఆయన వాసన చూసి చెప్పేవాడు. కరోనా వచ్చి తగ్గింది గానీ దాంతో పోయిన వాసన తిరిగి రాలేదు. "ముక్కు పోయిందని తెలిస్తే ఒక్క బండి మన గడప తొక్కదే" అన్నాడు. ఇంజన్ నూనెలో డీజిల్ కలిసిందేమో కాగితం మీద చుక్క వేసి చూడొచ్చు, కలిస్తే చుక్క చుట్టూ పల్చటి వలయం పాకుతుంది. అది నాకు నేర్పింది కూడా ఆయనే. అలా చేయండి అంటే, "ఇన్నేళ్లూ లేని కాగితం ఇప్పుడెందుకని అడగరూ?" అన్నాడు. ఆయన పరువు నిలబెట్టే పని అలా నా నెత్తిన పడింది.

నాకు కుట్టుపని వచ్చు. మంగళగిరిలో ఒక చీరల కొట్టాయన జాకెట్లు కుట్టడానికి మనిషి కావాలని రెండుసార్లు ఫోన్ చేశాడు. ఒకసారి వెళ్లి చూసొచ్చాను. కొత్త నేత చీర మడత విప్పితే గంజి వాసన వస్తుంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా అరచేతులు వాసన చూసుకుంటూ కూర్చున్నాను. ఇంట్లో అడిగితే పత్తి తీతలు అయిపోనీ అన్నాడు. అవి అయ్యాక మిరప కోతలు అయిపోనీ అన్నాడు. చుట్టాల పెళ్లికెళ్లినా పూట గడవకముందే ఫోన్, "బండొచ్చింది, ఎప్పుడొస్తావ్?" అని. కట్టుగొయ్య దగ్గర గేదెకూ నాకూ తేడా లేకుండా పోయింది. ఈలోగా కొట్టాయన చివరిమాట చెప్పేశాడు. సోమవారం వస్తే సరే, లేదంటే ఇంకొకరిని పెట్టుకుంటాడట.

ఆ ముందు గురువారం పొద్దున, వరసకు బాబాయి అని పిలిచే ఒక రైతు వచ్చాడు. నాకంటే వయసున్న ట్రాక్టరు, వెనక ట్రక్కు నిండా మిరపకాయల టిక్కీ బస్తాలు, గుంటూరు మిర్చి యార్డుకు ప్రయాణం.

"పొగెక్కువొస్తుందిరా అబ్బాయ్, ఓసారి చూడు. నూనె సంగతి చూడక్కర్లా. నా బండి చుక్క తాగదు. పైగా గేజ్‌లో గీత దాటి పైకొచ్చింది!" అని మీసం దువ్వాడు.

మావైపు రైతులకు ఇదొక భ్రమ. నూనె తగ్గితే గుండెలు బాదుకుంటారు, పెరిగితే అదృష్టమనుకుంటారు. ఊరికే పెరగడానికి అదేమన్నా చెరువా? ఇంట్లో ఎవరైనా ఆయనకు తెలియకుండా పోసైనా ఉండాలి, లేదా డీజిల్ పంపులో రబ్బరు పొర చిరిగి డీజిల్ నూనెలోకి దిగుతుండాలి. డీజిల్ కలిసి పల్చబడ్డ నూనెతో లోడు లాగితే ఇంజన్ దారిలోనే బిగుసుకుపోయి పట్టేస్తుంది.

మా ఆయన గేజ్ కడ్డీ బయటికి లాగి పట్టుకున్నాడు. నేను టీ తీసుకెళ్లి వంగాను. మిరప ఘాటు తప్ప ఏమీ తెలియలేదు. మళ్లీ పీల్చాను. కళ్ల వెంట నీళ్లు కారాయి గానీ వాసన అందలేదు. ఆయన గ్లాసు తీసుకుని, నా నోటివంక చూస్తూ నిలబడ్డాడు. పంచదార అడిగితే పంపు విప్పుతాడు, బాబాయికి ఆ రోజు యార్డు పోతుంది. అడక్కపోతే పొమ్మంటాడు.

నిజం చెప్పాలంటే నాకు అప్పుడొక పాడు ఆలోచన వచ్చింది. నోరు మూసుకుని వెనక్కొచ్చేస్తే, డీజిలే కలిసుంటే బండి దారిలో పట్టేస్తుంది, మా ఆయన పేరు పోతుంది, బళ్లు రావడం మానేస్తాయి, నేను సోమవారం మంగళగిరి బస్సెక్కుతాను. రెండడుగులు వెనక్కి వేశాను కూడా. అంతలో బాబాయి సీటెక్కబోయాడు. ఆ ముసలి కాళ్లు చూసి నామీద నాకే అసహ్యమేసింది.

"నాకు వాసన తెలియట్లేదండీ. ఘాటు కమ్మేసింది" అన్నాను పైకే.

"నీకెందుకమ్మా తెలియడం?" అన్నాడు బాబాయి.

మా ఆయన కడ్డీ గుడ్డకు తుడవబోయి ఆగాడు. తల దించుకున్నాడు. "నాకు వాసన రాదు బాబాయ్. మూడేళ్లయింది. వాసన చూసి చెప్పేది మా ఇంటిదే" అన్నాడు.

బాబాయి ముక్కున వేలేసుకున్నాడు. నేను లోపలికెళ్లి పేపరు చింపి తెచ్చాను. చుక్క వేశాం. ముగ్గురం వంగి చూస్తుంటే నల్లచుక్క చుట్టూ తడి వలయం మెల్లగా పాకింది. పంపు విప్పితే పొర బారెడు దూరానికి కూడా కనబడేంతగా చిరిగి ఉంది. గుట్టు వీడిపోయింది, ఇక కాగితం చాలు అనుకుని ఆ సాయంత్రమే కొట్టాయనకు ఫోన్ చేసి వస్తానని చెప్పాను. పెళ్లయ్యాక అంత తేలిగ్గా ఊపిరి పీల్చిన రోజు లేదు.

సోమవారం క్యారేజీ సర్దుకుని గుమ్మం దిగేసరికి షెడ్డు ముందు మూడు ట్రాక్టర్లున్నాయి. బాబాయి మర్నాడు యార్డంతా చాటి వచ్చాడట, మేస్త్రీ భార్య ముక్కుతో పంపు లోపలి చిరుగు పట్టేసిందని. ఆ రోజు నా ముక్కు పనిచేయనేలేదు మొర్రో అంటే వినేదెవరు?

"అన్నా, కాగితం చాలు. ఆయన చూస్తారు" అన్నాను.

"కాగితానికేం తెలుసు చెల్లెమ్మా? ఒక్కసారి చూసి పో" అన్నాడు ముందున్న రైతు, కడ్డీ చాపుతూ.

ఒకటి చూశాను. రెండోది చూస్తుండగా రోడ్డు మీద మంగళగిరి బస్సు హారన్ వినబడి, దూరమైంది. మా ఆయన నాకోసం స్టూలు వేశాడు. పొయ్యి దగ్గరికెళ్లి తనే టీ పెట్టుకొచ్చి గ్లాసు నా చేతికిచ్చాడు. పెళ్లయ్యాక అదే మొదటిసారి.

"పంచదార సరిపోయిందా?" అని అడిగాడు.

సరిగ్గా సరిపోయింది. ఒక గుటకన్నా చేదుగా ఉంటే గ్లాసు నేలకేసి కొట్టి వెళ్లిపోయేదాన్నేమో. సరిపోయిందండీ అని చెప్పి, మూడో కడ్డీ అందుకున్నాను.