ఎర్ర పెన్సిల్ శంకరనారాయణ

ప్రపంచంలో ఏ మూల ఏ శాస్త్రజ్ఞుడు ఏది కనిపెట్టినా, దానికి మార్కులు వేసే జబ్బు మా శంకరనారాయణ శెట్టికి ఉండేది. నూటికి ఇన్ని అని ఎర్ర పెన్సిలుతో వేసేవాడు. ముప్పై అయిదు వస్తే పాసు, రాకపోతే ఫెయిలు. తమ పేపర్లు రాబర్ట్‌సన్‌పేట బజారులో దిద్దబడుతున్నాయని తెలియక ఆ శాస్త్రజ్ఞులు నిశ్చింతగా పని చేసుకుంటూ పోయారు. నిశ్చింత లేనిదల్లా ఆయన కొట్లో కందిపప్పు కొనేవాళ్ళకే.

ఎందుకంటే శెట్టిది కిరాణా కొట్టు. పొద్దున్నే పేపరు వస్తుంది. సైన్సు వార్త కనిపిస్తే కత్తిరించి పక్కన పెడతాడు. మీరు వెళ్ళి అరకిలో పప్పు అడిగితే, తూకం వేసి, పొట్లం కట్టబోయి ఆగి, ఆ వార్త మీకు చదివి వినిపిస్తాడు. తర్వాత తన అభిప్రాయం చెబుతాడు. తర్వాత చెవి మీది పెన్సిలు తీసి మార్కులు వేస్తాడు. ఇదంతా అయ్యాకే పొట్లం. తొందరగా ఉందంటే, "తొందరపడే కదప్పా ఈ సైంటిస్టులంతా ఫెయిలయ్యేది" అంటాడు.

పాసైన వార్తలో బెల్లం, ఫెయిలైన వార్తలో ఎండుమిరపకాయలు కట్టడం ఆయన నియమం. మా ఆవిడ నాగరత్న పొట్లం రంగు, వాసన చూడకుండా ఎర్ర అంకె చూసి డబ్బాలో పోసేది. ఒకసారి మాత్రం ముప్పై మూడు వచ్చిన వార్తలో బెల్లం వచ్చింది. అడిగితే శెట్టి సిగ్గుపడి, "పాపం, క్యాన్సర్ మందు. కష్టపడినారు. రెండు గ్రేసు మార్కులు వేసినాను, రాయడం మరిచిపోయినాను" అన్నాడు.

ఆయన కొట్టుకు సరిగ్గా ఎదురుగా నా బట్టల కొట్టు. పద్మనాభ క్లాత్ స్టోర్స్. ఇరవై ఏళ్ళుగా ఆయన అభిప్రాయాలు వీధి దాటి వచ్చి నా తెల్ల పంచెల మీద వాలుతూనే ఉన్నాయి. చదువుకునే రోజుల్లో సైన్సు మాస్టరు కావాలని ఆశపడ్డాడట. తండ్రి పోవడంతో ఎస్సెల్సీ కాగానే కొట్లో కూర్చోవలసి వచ్చింది. బడి దొరకలేదు కాబట్టి భూగోళం మొత్తాన్నీ క్లాసులో కూర్చోబెట్టాడని నా అనుమానం.

హాలీ తోకచుక్క వచ్చిన ఏడు, తెల్లవారుజామున నన్ను నిద్రలేపి మేడెక్కించాడు. అరగంట వెదికితే ఆకాశంలో కాస్త దూది అంటుకున్నట్టు కనిపించింది.

"డెబ్బై ఆరేండ్లకు ఒకసారి వచ్చేది ఇంత మాత్రమా? పన్నెండు మార్కులు," అన్నాడు.

"నా నిద్రకు ఎన్ని మార్కులు వేస్తావు?"

"నిద్ర సైన్సు కాదప్పా."

ఆకాశంలో ఓజోను పొరకు చిల్లి పడిందనీ, అందుకు ఫ్రిజ్జుల్లోని గ్యాసు కారణమనీ పేపర్లో వచ్చింది. శెట్టి వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "మన వీధిలో మూడు ఫ్రిజ్జులు ఉండాయి. రెండు చెడిపోయి బట్టలు పెట్టుకుంటా ఉండారు. చిల్లి పెట్టినోళ్ళు యాడో, చిల్లి కింద నిలబడేవాళ్ళు యాడో! వార్త నిజమే. డెబ్బై. కానీ న్యాయం సున్న." కంప్యూటరు మనిషికంటే వేగంగా ఆలోచిస్తుందని వచ్చిన రోజున, "అట్లా ఆలోచించే ఆమెను నేను పెండ్లి చేసుకుని ఇరవై ఆరేండ్లయింది, ఇందులో కొత్తేముండాది?" అని ఇరవై వేశాడు. లోపలి నుంచి అంబుజమ్మ, "ఆ ఇరవై కూడా ఎక్కువే, ఆలోచించే ఉంటే ఈ కొట్లో ఉంటానా?" అంది.

ఒక్కసారి మాత్రం నేను నవ్వలేకపోయాను. మా ఊరి బంగారు గనిలో చాలా లోతున సైంటిస్టులు పరికరాలు పెట్టుకుని, ప్రోటాను అనే కణం ఎప్పటికైనా చస్తుందేమోనని ఏళ్ళ తరబడి కాచుకుని ఉన్నారని వార్త. శెట్టి దాన్ని రెండుసార్లు చదివాడు.

"కంటికి కనపడని కణం చావుకు ఇంతమంది కాపలా," అన్నాడు. "అదే గనిలో మనుషులు దగ్గి దగ్గి పోతా ఉండారే. వాళ్ళకాడ ఎవురన్నా ఒక పెన్సిలు పట్టుకుని కూర్చున్నారా?"

ముప్పై నాలుగు వేశాడు. ఒక్క మార్కు కలపమని నేను ఎంత చెప్పినా కలపలేదు.

ఆ మరుసటి ఆషాఢంలో ఆయన మార్కులు వేయడంతో ఆగకుండా సొంతంగా ఒక యంత్రం పెట్టాడు. మేడ మీద మూడు వైపులా పాత రేకులు నిలబెట్టి, నాలుగో వైపు ఖాళీగా వదిలి, మధ్యలో ఇరవై పాలపొడి డబ్బాలు తాళ్ళకు వేలాడదీశాడు. ప్రతి డబ్బాలోనూ గుప్పెడు గులకరాళ్ళు.

"ఇదేమప్పా?" అన్నాను.

"గాలి పరిశోధన. వాతావరణం చెడిపోతా ఉండాదని పేపర్లో రాస్తా ఉండారు. రాస్తే అయిపోయిందా? ఎవురో ఒకరు చూడాల కదా."

"ఎన్ని మార్కులు దీనికి?"

"ఎవురి పేపరు వాళ్ళు దిద్దుకోకూడదు. నువ్వే వెయ్యి."

"సున్న," అన్నాను. ఆ మాట తర్వాత చాలాసార్లు నాకు గుర్తొచ్చింది.

ఆ యంత్రం మోగితే పెళ్ళి వంటసామానంతా మెట్ల మీది నుంచి దొర్లినట్టు ఉండేది. పైగా దానికి తిక్క. ఒకసారి తూర్పు నుంచి గాలివాన వచ్చి నా కొట్టు బోర్డు ఎగిరి పోస్టాఫీసు దాకా పోయింది. డబ్బాలు కిమ్మనలేదు. మర్నాడు పడమటి నుంచి కాస్త గాలి కదిలేసరికి చెవులు చిల్లులు పడేలా మోత. "బోర్డును ఎగరగొట్టిన గాలి నీ యంత్రానికి కనపడలేదే!" అని ఎగతాళి చేశాను. "అది నాకు అక్కర్లేని గాలి," అన్నాడు శెట్టి, చింతపండు గింజలు ఏరుకుంటూ.

నా బాధ మీకు అర్థం కావాలంటే బట్టల వ్యాపారం తెలియాలి. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు. క్యాసంబళ్ళి నుంచి ఒక్క పెళ్ళిబృందం రాదు. తువాలు కొనేవాడు కూడా శ్రావణం దాకా పాతదానితోనే తుడుచుకుంటాడు. కాబట్టి మధ్యాహ్నం భోంచేసి, దుప్పట్ల దొంతర మీద పడుకోవడం మా కులవృత్తిలో భాగం. ఏడాదికి ఒక నెల దొరికే ఆ నిద్రను ఇరవై డబ్బాలు నమిలేస్తున్నాయి.

శెట్టి చింతపండు బేరానికి ముళబాగిలు వెళ్ళి రెండు రోజులు ఉంటాడని తెలిసింది. అంబుజమ్మను మెల్లగా అడిగాను.

"తీసేయండన్నా, పుణ్యముంటాది," అంది ఆమె. "ఆయన అడిగితే గాలికి పోయినాయని చెప్తాను. నేనేమీ చూడలేదు."

హమాలీ మునియప్పను మేడెక్కించి తాళ్ళు కోయించాను. డబ్బాలు గోనెసంచిలో వేసి నా కొట్లో మూలన పెట్టాను. మర్నాడు మధ్యాహ్నం పడుకుంటే, అబ్బ, ఏం నిద్ర! చిన్నప్పుడు మా అమ్మ ఒళ్ళో కూడా అంత హాయిగా పడుకోలేదు.

ఎవరో పిలుస్తుంటే లేచాను. రెప్పలు బరువుగా ఉన్నాయి. తుడుచుకుంటే చేతికి తెల్లటి పొడి. మా ఊరికి పడమటి పక్కన సైనైడ్ దిబ్బలున్నాయి. బంగారం తీసుకున్నాక మిగిలిన రాతిపిండి కొండల్లా పోసి ఉంటుంది. ఆషాఢం గాలి ఆ పక్కనుంచి వీస్తే, బంగారం ఎక్కడికి పోయిందో గానీ పిండి మాత్రం మా ఇళ్ళలోకి వస్తుంది.

గుమ్మంలో ఫ్లోరా నిలబడి ఉంది. వెనక సందులో ఉంటుంది, కాన్వెంటులో ఆయా.

"అన్నా, శెట్టన్న యాడ?"

"ముళబాగిలు పోయినాడమ్మా. ఏమైంది?"

"ఈ పొద్దు డబ్బాలు మోగలేదే అన్నా! మా ఆయన కిటికీ మూయలేదు. దుమ్మంతా లోపలికి వచ్చేసినాది. దగ్గు నిలవలేదన్నా, ఊపిరి అందడంలేదు."

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మునియప్పను కేకేసి ఆమె వెంట పరుగెత్తాను. దారిలోనే చెప్పింది. ఆమె భర్త జయరాజు చాంపియన్ రీఫ్ గనిలో ముప్పై ఏళ్ళు రాతికి బెజ్జాలు వేసినవాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంది. ఇంక చిటికెడు దుమ్ము కూడా పోకూడదన్నాడు డాక్టరు. కానీ ఆయన కిటికీ మూయనివ్వడు. మూస్తే మళ్ళీ గని లోపల ఉన్నట్టుంటుందట. పగలంతా ఆమె పనిలో ఉంటుంది. చెప్పేవాళ్ళు లేరు, చెప్పినా వినేవాడు కాదు.

"శెట్టన్న వచ్చి, పరిశోధనకు మనిషి కావాల అన్నాడన్నా. డబ్బాలు మోగితే టైము రాయాలంట. కిటికీ మూసి రాయాలంట, లేకపోతే లెక్క తప్పుతాదంట. అప్పుడు ఒప్పుకున్నాడు."

ఇంట్లోకి వెళ్ళి చూశాను. జయరాజు తెరిచిన కిటికీ పక్కన కుర్చీలో ముందుకు వంగి, ఊపిరి కోసం పెనుగులాడుతున్నాడు. ఒళ్ళో నోటుపుస్తకం తెరిచి ఉంది. చేతిలో పెన్సిలు ఉంది. డబ్బాలు ఎప్పుడు మోగుతాయా అని కాచుకుని కూర్చున్నాడు. ఆ పేజీలో ఏమీ రాసి లేదు, తెల్లటి పొడి మాత్రం పరుచుకుని ఉంది. నా నిద్ర ఖరీదు ఇదా అని సిగ్గుతో చచ్చిపోయాను.

నేనూ మునియప్పా ఆయన్ను కుర్చీతో సహా ఎత్తుకుని ఆసుపత్రికి చేర్చాం. ఆక్సిజన్ పెట్టారు. మందులిచ్చారు. నోటుపుస్తకం నా చేతిలోనే ఉండిపోయింది. తిరగేస్తే ప్రతి పేజీ కింద ఎర్ర పెన్సిలు. ఎనభై. ఎనభై అయిదు. తొంభై. ప్రపంచంలో ఏ శాస్త్రజ్ఞుడికీ డెబ్బై దాటనివ్వని మనిషి!

సాయంత్రానికి జయరాజు ఊపిరి కుదుటపడింది. నన్ను చూసి మెల్లగా అడిగాడు.

"డబ్బాలు ఎవురు తీసినారు?"

"నేనే. మధ్యాహ్నం నిద్రకు అడ్డమని."

"నిద్ర బాగా పట్టిందా?"

తిట్టినా బాగుండేది. ఆయన నవ్వబోయి, దగ్గు వస్తుందని ఆగాడు.

"పద్మనాభన్నా, ముప్పై ఏండ్లు భూమిలోపల గాలి యాడ నుంచి వస్తాదో చూసుకుని బతికినోణ్ణి. ఆ రేకులు దిబ్బపక్కకు ఎందుకు తెరిచి పెట్టినాడో నాకు తెలీదా? కిటికీ మూసుకో అంటే నేను వినేవాణ్ణి కాను. శెట్టికీ అది తెలుసు. ఏదో పరిశోధన అంటా ఉండాడు, పాపం, ముచ్చట పడతా ఉండాడని నేనూ రాస్తా ఉండాను." మళ్ళీ ఊపిరి తీసుకుని, "నాకు తెలుసునని ఆయనకు చెప్పొద్దు. మార్కులు తగ్గిస్తాడు," అన్నాడు.

చీకటి పడకముందే మేడెక్కి డబ్బాలన్నీ నా చేతులతో కట్టాను. జన్మలో నిచ్చెన ఎక్కనివాణ్ణి, మోకాళ్ళు చెక్కుకుపోయాయి. ఏ గాలి వచ్చినా మోగాలి, ఒక్కటి కూడా తప్పిపోకూడదని రేకులు మూడూ పీకి పక్కన పడేశాను. ఫలితంగా ఆ రాత్రీ, మర్నాడూ, ఉత్తరం గాలికి, దక్షిణం గాలికి, పిల్లి తగిలినా, కాకి వాలినా బజారు బజారంతా దద్దరిల్లింది. నాగరత్న చెవుల్లో దూది పెట్టుకుని, "తీసినప్పుడు ఒక తప్పు, పెట్టినప్పుడు ఇంగొక తప్పు. మీకు నడిమధ్య అనేదే లేదు," అంది.

శెట్టి బస్సు దిగి నేరుగా నా కొట్టుకు వచ్చాడు. "బస్‌స్టాండుకు వినపడతా ఉండాది. ఏమి జరిగింది?"

అంతా చెప్పాను, జయరాజు దాచమన్న ఒక్క మాట తప్ప. తిడతాడనుకున్నాను. ముందు ఆసుపత్రికి వెళ్ళాడు. వచ్చి, మేడెక్కి రేకులు నిలబెట్టాడు. కిందికి దిగుతూ, "జయరాజు రేపు ఇంటికి వస్తా ఉండాడు. పుస్తకం యాడ పోయిందని అడిగినాడు. పరిశోధన మీద ఎంత శ్రద్ధ చూసినావా!" అన్నాడు మురిసిపోతూ. నేను నా పంచె మడతలు సరిచేసుకున్నాను.

మర్నాడు మునియప్ప ఒక పొట్లం తెచ్చి ఇచ్చాడు. మేం ఏమీ అడగలేదు. నాగరత్న విప్పింది. బెల్లం. కాగితం పేపరు ముక్క కాదు, తెల్ల కాగితం. దాని మీద ఎర్ర పెన్సిలుతో వార్త శెట్టే రాశాడు: "రాబర్ట్‌సన్‌పేట. స్థానిక బట్టల వ్యాపారి మేడ ఎక్కి ఇరవై డబ్బాలు కట్టెను. రేకులు మరిచెను. ఉద్దేశం మంచిది, విజ్ఞానం తక్కువ. నూటికి ముప్పై అయిదు."

"పాసయినారే!" అని నాగరత్న కాగితం తిరగేసింది. వెనక ఇంకో అంకె ఉంది: "మొన్న తీసినందుకు, సున్న."

రెండూ కలిపి సగం చేస్తే నేను ఫెయిలవుతానని ఆమె లెక్క తేల్చేలోపల బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాను. అంతలో డబ్బాలు మోగాయి. లేచి వెనక సందులోకి వెళ్ళి, అప్పటికే ఇంటికి వచ్చేసిన జయరాజు కిటికీ మూసి ఉండడం చూసి వచ్చాను. మళ్ళీ దుప్పట్ల మీద వాలాను. ఇరవై డబ్బాలూ గొంతు చించుకుంటూనే ఉన్నాయి. ఆ మోతలోనే హాయిగా నిద్ర పట్టింది.