పెదాల మీద మా, పా

రెండేళ్లుగా ఒక్క అక్షరం నా ప్రాణం తోడేస్తోంది. మా అక్క ఆసుపత్రి అద్దం అవతల పడుకుని నాతో అన్న ఆఖరి మాటలో చివరి అక్షరం అది. ‘మా’ అయితే ఒక అర్థం, ‘పా’ అయితే పూర్తిగా వేరే అర్థం. వినపడి ఉంటే ఏ గొడవా లేదు. కానీ మా భాష వినేది కాదు, చూసేది.

ఆ భాష మేమిద్దరం కల్పించుకున్నది. నాన్న సూరత్‌లో మరమగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. మధ్యాహ్నం పూట అక్కా నేనూ ఆయనకి అన్నం డబ్బా పట్టుకెళ్లేవాళ్లం. లోపల మగ్గాల మోతలో చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా మాట వినపడదు. అక్కడ పనిచేసేవాళ్లందరూ పెదాలు చూసే మాట పోల్చుకునేవాళ్లు. అంటే మా గుసగుసలు కూడా వాళ్లకి తెలిసిపోయేవి. మనకి వేరే మాటలు కావాలి అంది అక్క. అప్పుడు తనకి పదకొండేళ్లు, నాకు తొమ్మిది.

నియమాలన్నీ అక్కవే. పెద్దది కదా, పెత్తనం చెల్లింది. మా భాషలో నేను, నువ్వు లేవు. నాది, నీది మాత్రమే ఉన్నాయి. ‘ఆకలి మా’ అంటే నాకు ఆకలేస్తోందని. ‘ఆకలి పా’ అంటే నీకు ఆకలేస్తోందా అని. తెలుగులో ఎవరూ నా అమ్మ అనరు, మా అమ్మ అంటారు కాబట్టి నాది అనడానికి ‘మా’ పెట్టింది. నీదికి ‘పా’ ఎందుకు పెట్టిందో తనకే తెలియదు. చిన్న ప్రాణి ఏదైనా ‘బూ’. మగ్గం కింద పిల్లికూనా బూనే, పక్కింటి పసివాడూ బూనే. మూడో మనిషికి మాత్రం చోటే లేదు. ఆమెది, వాళ్లది అనడానికి మాటల్లేవు. ఒకరన్న మాట ఇంకొకరు తిరిగి చెప్పే వీలు కూడా లేదు. ఒకసారి అక్కతో పేచీ పడి, నిన్న నువ్వు రిబ్బను నాది అన్నావు కదా అని గుర్తు చేయడానికి ‘రిబ్బను మా’ అన్నాను. అక్క పడీపడీ నవ్వింది.

“నీ నోట్లకెల్లి వస్తే నీదే అయితది పిల్లా. నేనన్నది నేననే అనాలె” అంది.

ఇంట్లో పైకి అంటూ నేర్చుకున్నన్నాళ్లూ బాగానే సాగింది. కార్ఖానాలోకి వెళ్లాకే మా తెలివి బయటపడింది. మా అన్నా పా అన్నా పెదాలు ఒకేలా మూసుకుంటాయి, ఒకేలా తెరుచుకుంటాయి. అక్క ఎర్ర నూలు కండె ఒకటి చూపించి ‘మా’ అంటే నేను ‘పా’ అని చదువుకుని, గౌను జేబులో వేసుకుని వచ్చేశాను. కండె కనపడక నాన్న అక్కని తిట్టాడు. ఇంటికొచ్చి అక్క నా జడ పట్టి గుంజింది. ఆ రోజే దిద్దుబాటు చేసింది. ‘మా’ అన్నప్పుడు గడ్డం మీద వేలు పెట్టాలి. వేలు లేకపోతే అది ‘పా’ కిందే లెక్క.

పెద్దయ్యాక అక్క సూరత్ పక్కనే పల్సానాలో ఉండేది, నేను ఊళ్లోనే ఆల్థాన్‌లో. పెళ్లిళ్లలో, గది అటు చివరా ఇటు చివరా కూర్చుని అదే భాషలో ఊళ్లో వాళ్లందరినీ ఆడిపోసుకునేవాళ్లం. నాకు పిల్లల్లేరు. అక్కకి ఒక్క కూతురు. బావ వాళ్లని వదిలేసి కామ్‌రేజ్‌లో ఇంకో ఇల్లు పెట్టాడు.

అక్క జబ్బు పడినప్పుడు ఆ పిల్లకి ఏడేళ్లు. ఆ మధ్యాహ్నం నన్ను అద్దం దగ్గరదాకానే రానిచ్చారు. నర్సు ఒక్క నిమిషం అక్క మొహం మీది ఆక్సిజన్ మాస్కు తీసింది. అక్క నన్ను చూసింది. ఒక చేతికి సూది, రెండో చెయ్యి దుప్పటి కింద. పెదాలు గుండ్రంగా చుట్టి ‘బూ’ అంది. తర్వాత కళ్లు మూసుకుని, పెదాలు మూసి తెరిచింది. నర్సు మాస్కు పెట్టేసింది. తెల్లారేసరికి అక్క లేదు.

బూ పా. పిల్ల నీది. వేలు లేదు కదా. బావ పిల్లని తీసుకుపోతానని వచ్చినప్పుడు అదే చెప్పాను, అక్క పిల్లని నాకు అప్పగించింది అని. ఆయన వచ్చిన దారినే వెళ్లిపోయాడు. చేతులు ఖాళీ లేని మనిషి వేలు ఎలా పెడుతుందన్న సంగతి నాకు అప్పుడే తట్టింది. తట్టనట్టు ఊరుకున్నాను. నాకు పిల్ల కావాలి. పిల్లలు కావాలని పన్నెండేళ్లు ఏడ్చినదాన్ని.

అప్పటినుంచి అక్క పెదాలు నన్ను వదల్లేదు. మా బిల్డింగ్ లిఫ్టులో ఒక అద్దం ఉంది. ఒంటరిగా ఎక్కితే నా పెదాలు వాటంతటవే మూసుకుని తెరుచుకునేవి. మా ఇద్దరి నోళ్లూ ఒకటే అని చిన్నప్పటినుంచీ అందరూ అనేవారు. అద్దంలో ఆ నోరు నన్ను ఏదో అడుగుతున్నట్టు ఉండేది. భయమేసి నాలుగంతస్తులూ మెట్లెక్కడం మొదలుపెట్టాను. ఒళ్లు తగ్గడానికేమో అనుకుని మా ఆయన మెచ్చుకున్నాడు.

మొన్న శుక్రవారం పిల్ల బడి నుంచి వచ్చి బ్యాగు దించుతూ అడిగింది. “చిన్నమ్మా, నా దోస్తులు అందరూ నిన్ను మా మమ్మీ అనే అనుకుంటున్నరు. ఇగ అమ్మ అనే పిల్వాల్నా?”

ఊ అనడానికి నోరు తెరిచాను. అక్క పెదాలు అడ్డొచ్చాయి. ఆదివారం చెప్తానన్నాను.

ఆదివారం పొద్దున మా ఆయన లోచో తెచ్చాడు, శనగపప్పు రుబ్బి ఆవిరి మీద వండే సూరత్ టిఫిను. వేడివేడి లోచో అంటే పిల్లకి ప్రాణం. నేను రోటీల పిండి కలుపుతున్నాను, పక్కన మిక్సీలో చట్నీ తిరుగుతోంది. పిల్ల ఒక చేత్తో లోచో ప్లేటు, ఇంకో చేత్తో నీళ్ల గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి, పెదాలు కదిపింది. లోచో, అని. తర్వాత కళ్లు గట్టిగా మూసుకుని, పెదాలు మూసి తెరిచింది.

నా చేతులు పిండిలో ఆగిపోయాయి. మోచేత్తో మిక్సీ ఆపాను.

“మా భాష నీకెట్ల తెలుసు?”

“అమ్మ నేర్పింది గదా.”

“మరి కళ్లెందుకు మూసినవ్?”

“చేతులు ఖాళీ లేవు గదా చిన్నమ్మా. వేలు పెట్టనీకి రాకుంటే కళ్లు మూస్కోవాలె, అప్పుడు ‘మా’ అయితది. అమ్మ రొట్టెలు చేసేటప్పుడు గట్లనే చేస్తుండె. నీకు చెప్పలేదా?”

చెప్పలేదు. వంటింట్లో కూతురి కోసం పెట్టుకున్న నియమం అది. ఆ రోజు అక్క కళ్లు మూసుకుంటే నేను నీరసం అనుకున్నాను. బూ మా. పిల్ల నాది. పోతూ పోతూ తను అన్నది అదే. అక్క మీద పిచ్చి కోపం వచ్చింది. పోయేటప్పుడు కూడా నాది అనే అన్నావా అనిపించింది. వెంటనే సిగ్గేసింది. నేను తన దగ్గరనుంచి ఎర్ర కండెని మళ్లీ జేబులో వేసుకుని వచ్చేశాను, ఈసారి తెలిసే.

“దవాఖానల అమ్మ నీతోటి ఏమో అన్నదంట గదా,” అంది పిల్ల. ప్లేటు గట్టు మీద పెట్టి నా మొహంలోకే చూస్తోంది. “ఏమన్నది?”

రెండేళ్లలో ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. పైకి అనే ధైర్యం కూడా లేదు. నా రెండు చేతులకీ పిండి. పెదాలు గుండ్రంగా చుట్టాను. కళ్లు మూసుకుని, పెదాలు మూసి తెరిచాను. అక్క ఎలా అందో అచ్చం అలాగే. ఆ క్షణంలో ఆ నోరు నాదన్న స్పృహ నాకు లేదు.

కళ్లు తెరిచేసరికి పిల్ల నవ్వుతోంది.

“సరే అమ్మా,” అని లోచో తినడం మొదలుపెట్టింది.

‘పిల్ల నాది’ అన్నది మీ అమ్మ, నేను కాదు అని దానికి చెప్పాలి. ఇంకా చెప్పలేదు.