రికార్డు మీద కోటమ్మ పేరు లేదు

ఈ పాటకు కాళ్లాడించి కోటమ్మ పేరు మింగేసింది మీరే. ఎవరో కాదు, ఇది చదువుతున్న మీరే.

ఇవాళ మధ్యాహ్నం హనుమాన్ జంక్షన్‌లో కాఫీ హోటల్ గ్రామఫోన్ మీద ఆ గిటారు, డ్రమ్ముల పాట వరసగా నాలుగోసారి వేశారు. నా పక్కన బస్సు కోసం నిలబడ్డ కోటమ్మ తల తిప్పి విన్నది. నూజివీడు తోటల్లో బుట్టల్లో మామిడికాయలు పేర్చే మనిషి ఆమె. చరణానికొక వరస కాయలు పేర్చేలా ఆ పాట కట్టింది కూడా ఆమే. పోయిన వేసవిలో తోట యజమాని వెంట మద్రాసు నుంచి వచ్చినవాళ్లు ఆమెచేత టేపు మిషను ముందు పాడించుకుని వెళ్లారు.

లోపలికి వెళ్లి రికార్డు చూశాను. రచన అన్నచోట జానపదం అని ఉంది. బయటికొచ్చి అడిగాను.

"ఇది నీ పాటే కదా, కోటమ్మా?"

"నాదేనండి. మరీ తొందర చేశారండి. ఇంత జోరుగా పాడితే చేతులూ అంతే జోరుగా పోతాయి. కాయకి దెబ్బ తగులుద్దండి."

గల్లా దగ్గరి హోటలాయన నవ్వాడు. "ఏంటి మేష్టారూ, కుర్రాళ్లు ఎగురుతుంటే ఆవిడ కాయలంటదేంటండీ?"

అతనితో రోజూ గొడవపడే నాకు ఇవాళ కోపం రాలేదు. ఆమె బస్సెక్కి వెళ్లిపోయింది.

జానపదమంటే కట్టినవారెవరో తెలియనిదట. తెలియకుండా ఉండడం ఇంత సులువని మీలో ఎందరికి తెలుసో రాయండి.

కావలసినవి ఇవి:

రికార్డు మీద కోటమ్మ పేరు వేయాలి.

హోటళ్లలో పాట వేసేముందు ఆ పేరు చెప్పాలి.

రికార్డును తోటకు తెచ్చి అక్కడి ఆడవాళ్లకు వినిపించాలి.

టేపు మిషనుతో వచ్చేవాళ్లు ముందు పేరు అడగాలి.